గొడుగు పిడి రంగు

హలో, వినపడుతోందా అండీ? ఆఁ, నేనే. పనిలో ఉంటే ఫర్వాలేదు, ఫోను అక్కడే పెట్టుకుని పని చూసుకుంటూనే వినండి. ఒక మనిషి సంగతి చెప్పాలి. విన్నప్పటి నుంచీ నా గొంతులో వెలక్కాయలా అడ్డుపడి ఉంది. చెప్పేస్తే గానీ దిగదు.

ఆమెని ఆఫీసులో అందరూ జిగురక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె చేసే పని అలాంటిది. ఒక ఆసుపత్రి వెనకాల, పాత ఎక్స్‌రే గది పక్కన మూడు గదుల ఆఫీసు ఉంది. అక్కడ వయసు మళ్ళినవాళ్ళ మీద పెద్ద పరిశోధన జరుగుతోంది. మందులిచ్చేదీ సూదులు పొడిచేదీ కాదు. వయసు పెరిగేకొద్దీ మనిషికి జ్ఞాపకం ఎలా మారుతుంది, చేతిలో బలం ఎలా తగ్గుతుంది అని ఏడాదికోసారి పిలిచి చూస్తారు. ప్రతి ఏడాదీ ఆ మనుషులే రావాలి, అదీ అసలు చిక్కు. పెద్దవాళ్ళు కదా, ఒకరికి మోకాలు, ఒకరికి మనవరాలి పరీక్షలు, ఒకరికి ఉత్తినే చిరాకు. ఒక్కొక్కరే జారిపోతారు. జారిపోకుండా పట్టుకునేది జిగురక్క. ఫోన్లు చేస్తుంది, పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటుంది, దంతాలు కట్టించుకున్నవాళ్ళని చూడ్డానికి వెళ్ళి నవ్వించి వస్తుంది, పరీక్ష రోజున వ్యాను తీసుకెళ్ళి గుమ్మంలో దించుతుంది. ఆమె చేతిలో పడ్డ మనిషి ఊడిపోయింది లేదు. అంత గట్టిగా అంటుకునే మనిషి అని ఆఫీసంతా నవ్వుకుంటారు గానీ, ఆ నవ్వులో మెప్పే ఎక్కువ. ఆమెకీ ఆ మెప్పు రుచి తెలుసు.

పరిశోధన నడిపే డాక్టరమ్మ కొత్తగా పనిలో చేరినవాళ్ళందరికీ ఒక మాట చెప్పేది. నీరసపడ్డవాళ్ళు సిగ్గుపడి మానేస్తారు, గట్టివాళ్ళు మిగులుతారు, అప్పుడు మన లెక్క చూసి ముసలితనం ఏమీ చెయ్యదని లోకం అనుకుంటుంది, కాబట్టి తగ్గుతున్నవాళ్ళే మనకి ముఖ్యం అని. జిగురక్క ఆ మాట లెక్కలేనన్నిసార్లు విన్నది. విన్నది అంటే చెవితో విన్నది. ఆ సంగతి తర్వాత తెలుస్తుంది.

ఆమె పట్టుకున్నవాళ్ళందరిలో ఆమెకి ఇష్టమైన మనిషి కండక్టర్ మావయ్య. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అలా కుదిరింది. వయసులో ఉన్నప్పుడు దూరపు బస్సుల్లో పనిచేశాడు. బస్సెక్కగానే నిద్రపోయేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళలో ఎవరు ఎక్కడ దిగాలో మొత్తం ఆయన బుర్రలో ఉండేది. వాళ్ళ స్టాపు వచ్చేసరికి భుజం తట్టి లేపేవాడు. ఒక్క మనిషినీ ఊరు దాటించలేదని ఆయన గొప్ప. భార్య కూడా ఆ బస్సులోనే దొరికిందట. లేపడానికి వెళ్తే, నేను నిద్రపోవట్లేదు, మీరు లేపుతారేమో అని కళ్ళు మూసుకున్నాను అన్నదట. ఈ మాట ఆయన చెప్పినప్పుడల్లా ఆమె వంటింట్లోంచి, అబద్ధం, నిజంగానే నిద్రపోయాను అనేది. జిగురక్క ఆమెని అత్తయ్యా అనేది.

పరీక్ష రోజున చేసేవాటిలో ఒకటి కథ. డాక్టరమ్మ చిన్న కథ ఒకటి చదువుతుంది. తర్వాత చేతిలో ఒక పరికరం పెట్టి గట్టిగా నొక్కమంటుంది, కుర్చీలోంచి లేచి నడవమంటుంది, కాసేపు ఇలా గడిపి, ఇందాకటి కథ మళ్ళీ చెప్పండి అంటుంది. ఎన్ని ముక్కలు చెప్తే అంత జ్ఞాపకం ఉన్నట్టు. ఉన్నవి రెండే కథలు, ఒక ఏడాది ఇది, ఒక ఏడాది అది. జిగురక్క తలుపు పక్కన బల్ల మీద కూర్చుని వినీ వినీ, రెండూ ఆమెకి నోటికి వచ్చేశాయి.

ఒక ఏడాది కండక్టర్ మావయ్య ఆ కథ దగ్గర ఆగిపోయాడు. మొదటి ముక్క చెప్పి, ఆ తర్వాత డాక్టరమ్మ ముఖం చూశాడు, గోడ చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు. ఇంతే చెప్పారు మీరు అన్నాడు చివరికి. డాక్టరమ్మ నెమ్మదిగానే, ఫర్వాలేదండీ, చాలు అన్నది. కానీ పెద్దమనిషి చొక్కా వీపంతా తడిసిపోయింది. తిరుగు ప్రయాణంలో వ్యానులో ఒక్క జోకు వెయ్యలేదు.

తర్వాతి ఏడాది రోజు దగ్గరపడేసరికి ఆయన తప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఫోను చేస్తే మోకాలన్నాడు. మోకాలికి పట్టీ తెస్తానంటే, మోకాలు కాదు నడుమన్నాడు. ఇంటికి వెళ్తే స్నానాల గదిలో దూరి కుళాయి తిప్పాడు. జిగురక్క గుమ్మంలో కూర్చుని అత్తయ్యతో లోకాభిరామాయణం మాట్లాడుతూనే ఉంది, లోపల నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఈ మనిషి ఇవాళ శుభ్రమైపోయి కనపడకుండా పోతాడేమో అని అత్తయ్య అన్నది. చివరికి ట్యాంకు ఖాళీ అయి ఆయనే బయటికి వచ్చాడు, ఒంటి మీద చుక్క నీరు లేకుండా.

జిగురక్క నవ్వలేదు. ఆయన కళ్ళల్లో ఉన్నది ఆమెకి తెలిసిపోయింది. పరీక్షకి భయపడే పిల్లాడి కళ్ళవి. ఇక్కడ ఆమె చెయ్యాల్సింది ఏమిటంటే, మావయ్యా, మర్చిపోయినా రండి, మర్చిపోయినందుకే రండి అని చెప్పడం. ఆ మాట కష్టం. సులువైనది ఇంకొకటి ఉంది. టీ తాగుతూ, మొన్నొక తమాషా విన్నాను మావయ్యా అని మొదలుపెట్టింది.

పెద్ద కథేమీ కాదు, చిన్నదే. వాన కురుస్తోంది. ఒక నర్సు డ్యూటీ దిగి పళ్ళ కొట్టు దగ్గర ఆగింది. గొడుగు అక్కడే మర్చిపోయింది. మర్నాడు వెతుక్కుంటూ వస్తే, కొట్టతను, మీ గొడుగులో మా పిల్లి పిల్లల్ని పెట్టిందండీ అన్నాడు. నర్సు ఆ గొడుగు పిల్లికే వదిలేసి తడుస్తూ ఇంటికి వెళ్ళింది. ఆ ఏడాది పరీక్షలో డాక్టరమ్మ చదవబోయే కథ ఇదే. పిల్లి మాట దగ్గర మావయ్య గట్టిగా నవ్వాడు. రెండు రోజులాగి జిగురక్క ఫోను చేసి, ఆ గొడుగు సంగతి అత్తయ్యకి చెప్పారా మావయ్యా, ఏదీ నాకూ ఒకసారి చెప్పండి అన్నది. మర్చిపోయిన చోట అందించింది. అలా చాలాసార్లు. పరీక్ష రోజున వ్యానులో కూడా. ఆమెకి నోటి దురద ఎక్కువ, ఉత్త గొడుగు అంటే కంటికి ఆనదని, చెప్పినప్పుడల్లా దానికి ఆకుపచ్చ పిడి తగిలించేది. డాక్టరమ్మ కథలో పిడి ఊసే లేదు.

ఆ రోజు కండక్టర్ మావయ్య కథ చెప్తుంటే వినాలి. వాన, నర్సు, కొట్టు, పిల్లి, తడుస్తూ వెళ్ళడం, ఒక్కటీ పోలేదు. మధ్యలో, ఆకుపచ్చ పిడి గొడుగు అన్నాడు. బల్ల మీద కూర్చున్న జిగురక్కకి తేలు కుట్టినట్టయింది. డాక్టరమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె చిరునవ్వు నవ్వి, మావయ్యగారు మసాలా కూడా వేస్తున్నారే అన్నది. బయటికి వచ్చి అత్తయ్యతో, పోయినేడాది ఒంట్లో బాగుండలేదేమో, ఈయన జ్ఞాపకానికి ఢోకా లేదు అన్నది. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. జిగురక్క కూడా ఊపిరి పీల్చుకుంది. పోయేదేముంది, పెద్దాయన సంతోషించాడు, మనిషి మిగిలాడు, డాక్టరమ్మకి లెక్క నిండింది. మంచే చేశాను అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు చూడండి, అలా.

కొన్ని నెలలు గడిచాయి. అత్తయ్యకి కంటి ఆపరేషన్ అని తెలిసి, ఎలా ఉందో చూద్దామని జిగురక్క వెళ్ళింది. ఇంట్లో ఏదో తేడాగా ఉంది. అత్తయ్య బయట మెట్టు మీద కూర్చుని ఉంది, నల్లద్దాలు పెట్టుకుని. లోపలి గదిలో మావయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బల్ల మీద ఒక్క గ్లాసే ఉంది, ఒక్క పళ్ళెమే ఉంది. ఎవరిది వాళ్ళు కడుక్కుని ఎవరిది వాళ్ళు పెట్టుకుంటున్నారన్నమాట.

ఏమైంది అత్తయ్యా అని అడిగితే మొదట ఏమీ లేదన్నది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. ఆపరేషన్ రోజున మధ్యాహ్నానికి పంపించేస్తామన్నారు, ఈయన వచ్చి తీసుకెళ్ళాలి. ఆమె కంటికి కట్టుతో బెంచీ మీద కూర్చుంది. పక్కవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఊడ్చేవాళ్ళు వచ్చారు, కాళ్ళు ఎత్తమన్నారు, ఎత్తింది. సాయంత్రమైంది. చివరికి ఎవరో దయతలచి ఆటో ఎక్కించారు. తడుముకుంటూ తలుపు తీస్తే, ఈయన అన్నం తిని పడుకుని ఉన్నాడు.

"అంతకుముందు నుంచీ ఉన్నదేనమ్మా. చెప్పిన పని చెయ్యడు, పొయ్యి మీద గిన్నె మాడిస్తాడు, అడిగితే కసురుతాడు. నాకు అనుమానం వచ్చింది. కానీ మీ డాక్టరమ్మే చెప్పింది కదా, జ్ఞాపకానికి ఢోకా లేదని. అయితే ఇవన్నీ నా మీద కసితో చేస్తున్నట్టేగా. బుర్ర బాగున్న మనిషి పెళ్ళాన్ని ఆసుపత్రి బెంచీ మీద వదిలేశాడంటే ఇంకేమనుకోవాలి?" అని అత్తయ్య ఆగింది. నల్లద్దాల కింద నుంచి నీళ్ళు జారితే, ఆపరేషన్ చేసిన కన్ను తడవకూడదన్నారు అంటూ చీర చెంగుతో చెంప మాత్రం ఒత్తుకుంది. "అడిగాను. ఎందుకు రాలేదని అడిగాను. కావాలనే రాలేదు అన్నాడు."

జిగురక్క లేచింది. లోపలికి వెళ్ళి మావయ్య మంచం పక్కన కూర్చుంది. ఆయన తిరగలేదు. కావాలనే రాలేదని ఎందుకన్నారు మావయ్యా అని అడిగింది.  గోడతోనే చెప్తున్నట్టుగా అన్నాడు.

"బస్సులో ఎక్కినవాళ్ళందరినీ దించాను. ఆమెని దించడం మర్చిపోయాను. ఆ మాట ఏ నోటితో చెప్పను అమ్మాయ్? చెడ్డవాణ్ణనుకోనీ. పిచ్చివాణ్ణని తెలిస్తే జాలిపడుతుంది."

ఇప్పుడు మీరే చెప్పండి, అక్కడ ఆమె ఏం చెయ్యాలి? లేచి బయటికి వెళ్ళి, అత్తయ్యా, తప్పు నాది అనాలి. రెండడుగులు. ఆ రెండడుగులు పడలేదు. జిగురక్క బల్ల మీద గ్లాసు కడిగి బోర్లించింది, మందులు వేళకి వేసుకోండి అత్తయ్యా అన్నది, చెప్పులు వేసుకుని వచ్చేసింది. వ్యానులో కూర్చుంది. అద్దంలో తన ముఖం కనపడితే అద్దం పక్కకి తిప్పేసింది.

తర్వాతి రోజులు ఆమెకి ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఆఫీసులో ఎవరైనా జిగురక్కా అని పిలిస్తే ఒళ్ళు చచ్చిపోయేది. పై అధికారులెవరో వచ్చి, ఇంతమందిని ఎలా నిలబెట్టావమ్మా అని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు పోతుంటే కండక్టర్ మావయ్య గుర్తొచ్చాడు. ఆయన దాక్కున్నది మర్చిపోయినందుకు. తను దాక్కున్నది గుర్తున్నందుకు. అలా అనుకునేసరికి కుళాయి కట్టేసి, ముఖం కూడా తుడుచుకోకుండా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది.

చెప్పేసింది. టీ దగ్గర మొదలుపెట్టినప్పటి నుంచి బెంచీ దాకా. డాక్టరమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆకుపచ్చ పిడి," అన్నది. "ఆ రోజే నాకు తట్టాలి. తట్టింది కూడా. అడిగితే మనిషి జారిపోతాడని అడగలేదు."

అది విని జిగురక్కకి కాస్త తేలికైందనుకుంటున్నారేమో, కాలేదు. ఎందుకంటే ఆ వెంటనే డాక్టరమ్మ, ఇంకెవరికి చెప్పావు అని అడిగింది. ఎవరికీ చెప్పలేదు, నిజంగా చెప్పలేదు. కానీ ఎవరికీ లేదండీ అంటుంటే ఆ మాట తన చెవికే అబద్ధంలా వినపడింది. డాక్టరమ్మ తిట్టలేదు. నీ మనుషులందరివీ మళ్ళీ చూడాలి అని మాత్రం అన్నది. ఇన్నేళ్ళూ ఒక్కొక్కరినీ బతిమాలి, నవ్వించి నిలబెట్టినవాళ్ళందరి మీదా ఇప్పుడు అనుమానమే. వాళ్ళేం పాపం చెయ్యలేదు. ఆమె చెయ్యి తగలడమే వాళ్ళు చేసుకున్నది. పరీక్షల రోజున ఆ గదుల దగ్గరికి ఇక రావద్దన్నారు, ఇళ్ళకి వెళ్ళే పని ఇంకొకరికి ఇచ్చారు, ఆమెని ఫోను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అంత మాత్రమే చేసినందుకు ఆమెకి ఇంకా సిగ్గేసింది.

మావయ్య ఇంటికి మాత్రం ఇద్దరూ కలిసే వెళ్ళారు. నేనే చెప్తాను అని జిగురక్క అన్నది. అత్తయ్య ఎదురుగా నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. మావయ్య లోపలి గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముందు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆయన దాచుకున్నదాన్ని కూడా తన నోటితో బయట పెట్టాలి కదా. అందుకని ముందు ఆయన వైపు చూసింది. ఆయన నేల చూసి, చెప్పెయ్ అమ్మాయ్ అన్నట్టు తల ఊపాడు.

అంతా విని అత్తయ్య అడిగింది ఒక్కటే.

"అయితే నిజంగా మర్చిపోయాడా?"

డాక్టరమ్మ అవునన్నది. ఆ పరీక్ష రోజే కనిపెట్టి ఉంటే అప్పుడే వైద్యం చేసే డాక్టర్లకి చూపించేవాళ్ళమని, ఇప్పుడైనా చూపిద్దామని చెప్పింది. అత్తయ్య వింటున్నట్టు లేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి మావయ్య చెయ్యి పట్టుకుంది.

"కావాలనే రాలేదన్నావు కదయ్యా. ఇన్ని రోజులు నన్ను చంపావు కదయ్యా ఆ మాటతో," అన్నది. తిట్టే గొంతే. కానీ చెయ్యి వదల్లేదు. తర్వాత జిగురక్క వైపు తిరిగింది. "నువ్వు కొన్నాళ్ళు మా ఇంటికి రాకమ్మా. నీ ముఖం చూస్తే నాకు ఆ బెంచీ గుర్తొస్తుంది."

తల కొట్టేసినట్టయింది జిగురక్కకి.  చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి గ్లాసుల చప్పుడు వినపడింది. ఒక గ్లాసు కాదు, రెండు.

మళ్ళీ ఏడాది తిరిగింది. మావయ్య రాడనే ఆఫీసులో అందరూ అనుకున్నారు. ఆమె బదులు ఇళ్ళకి వెళ్తున్న అమ్మాయి రెండుసార్లు వెళ్ళి కుళాయి చప్పుడు విని వచ్చేసింది. అప్పుడు ఫోను బల్ల మీద ఫోను మోగింది. అవతల అత్తయ్య. ఆ రోజు తర్వాత ఆ గొంతు వినడం ఇదే.

"ఈయన నువ్వొస్తేనే వస్తాడట. రా. నాకింకా కోపం పోలేదు, అయినా రా. కథలు మాత్రం చెప్పకు."

డాక్టరమ్మని అడిగితే, వ్యాను వరకే అన్నది. ఆ రోజు వ్యానులో జిగురక్క నోరు కుట్టేసుకుని కూర్చుంది. ఎండ గురించి కూడా మాట్లాడలేదు, ఏది ఏ కథలో ముక్క అవుతుందో అని భయం. మావయ్యే ఉండబట్టలేక, ఏం అమ్మాయ్, పళ్ళు కట్టించుకున్నావా, నోరు తెరవడం లేదు అన్నాడు. అత్తయ్య నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. మంచి మనిషి, కోపంలో కూడా నవ్వొచ్చేస్తుంది.

గదుల దగ్గరికి వెళ్ళకుండా, ఆసుపత్రి వరండాలో చివరి బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. బెంచీ అని కూర్చున్నాక తట్టింది. లేవబోయి లేవలేదు, ఊడ్చేవాళ్ళు వచ్చి కాళ్ళు ఎత్తమంటే ఎత్తింది. లోపల ఆయన ఆగిపోయి చెప్పులు చూసుకుంటుంటాడు, వీపు తడిసి ఉంటుంది, అందించడానికి ఎవరూ ఉండరు. ఇదంతా తలుచుకుని ఆమె చున్నీ కొస మడతలు పెట్టి పెట్టి నలిపేసింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అత్తయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వరండా అంతా దాటి వచ్చి ఆయన జిగురక్క ముందు ఆగాడు. చొక్కా వీపు తడిసే ఉంది. ముఖం మాత్రం దాక్కునే మనిషి ముఖంలా లేదు.

"రెండు ముక్కలే వచ్చాయి అమ్మాయ్," అన్నాడు. "రెండూ నావే."

జిగురక్క లేచి నిలబడింది గానీ తల ఎత్తలేకపోయింది.  పద, వ్యాను తియ్ అన్నది అత్తయ్య.

అంతేనండీ. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పెద్దవాళ్ళుంటే, వాళ్ళని పట్టుకుని బతిమాలే ఉద్యోగం చేసేవాళ్ళుంటే, ఈ కథ వాళ్ళ దాకా చేర్చండి. ఫోనులో పంపండి, లేదా పక్కన కూర్చుని మీ నోటితోనే చెప్పండి. ఒక్కటే మనవి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గొడుగు పిడికి మాత్రం ఏ రంగూ వెయ్యకండి.